గోటితో ఒలిచిన బియ్యం

మొన్న సారపాక ఇంకా రాకముందే రోడ్డు మీద ఒక మనిషి పడి ఉన్నాడు. పక్కనే మోటారు సైకిలు, దాని వెనక చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. తల దగ్గర మొదలైన రక్తం, జామాయిల్ కర్రల లారీల నుంచి రాలిపడిన బెరడు ముక్కల మీదికి మెల్లగా పాకుతోంది. చుట్టూ ఓ పదిహేను మంది నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. అతన్ని పట్టుకోవడానికి ఖాళీగా ఉన్న చెయ్యి ఒక్కటీ కనిపించలేదు.

మనవరాలు కారు పక్కకు తీసి ఆపింది. నేను దిగి, పైట చెంగు నాలుగు మడతలు పెట్టి అతని తలకు అదిమి పట్టుకుని అక్కడే కూలబడ్డాను. డెబ్బై దాటిన దాన్ని, కింద కూర్చుంటే మళ్ళీ ఒకరు లేపాలి. మనవరాలు అంబులెన్సుకు ఫోన్ చేసి దారి చెబుతోంది.

"ఏందమ్మా, గట్ల ముట్టుకుంటవ్? కేసైతది," అన్నాడొకడు, ఫోన్ దించకుండానే.

"అయితే నా మీద అవుతుందిలే. నువ్వు ఆ ఫోన్ జేబులో పెట్టి ఇతని కాళ్ళు సరిగ్గా పెట్టు."

"నాకేం సంబంధం? నేను గిట్లనే పోతాన."

పోయేవాడు పోలేదు. వీడియో పూర్తి కావాలి కదా.

మా వెనక ఇంకో కారు వచ్చి ఆగింది. పసుపు బట్టల్లో నలుగురున్నారు. బండి నడిపే ఆయన తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాడు. పక్కన కూర్చున్న ఆమె ఆయన చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. "నెత్తురు అంటితే మళ్ళా తలస్నానం చెయ్యాలె. గుడికి పోతున్నం. ఎవరో ఒకరు చూసుకుంటరు గని, పోనియ్యి." కాలు లోపలికి పోయింది. తలుపు పడింది. ఆ కారు రక్తం మరక మీదికి చక్రం ఎక్కకుండా ఎంతో ఒడుపుగా పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయింది.

అంబులెన్సు వచ్చింది. ప్రాణానికి భయం లేదని సాయంత్రం మనవరాలు కనుక్కుని చెప్పింది. ఆ మనిషి సంగతి అంతటితో అయిపోయింది. ఆ కారులోని ఆమె మాట మాత్రం నా చెవిలోంచి ఇంకా పోలేదు. ఆ మాట నేను అంతకుముందే విన్నాను. ఇదే దారిలో, ఇక్కడికి కొన్ని మైళ్ళ ఇవతల. అప్పుడు సారపాకలో కాగితం మిల్లు లేదు, గోదావరి మీద వంతెన లేదు, ఈ జామాయిల్ తోటలు లేవు. టేకు, మద్ది, ఇప్ప, వెదురు, వాటి మధ్యన బండ్ల బాట. నాకు పదేళ్ళో, పదకొండో.

మా ఊరు పెనుబల్లి దగ్గర. మా తాతలు కృష్ణ ఒడ్డు నుంచి వచ్చి అక్కడ నల్లరేగడి కొనుక్కుని స్థిరపడ్డారట. నాయనమ్మ మాత్రం చనిపోయే దాకా అక్కడ స్థిరపడలేదు. మంచినీళ్ళు తాగిన ప్రతిసారీ "ఇవి నీళ్ళా?" అనేది. పచ్చడి తిని "ఇది గోంగూరా?" అనేది. అడవి వైపు ఊళ్ళ వాళ్ళు తేనె, చింతపండు, కుంకుళ్ళు తెస్తే అరుగు మీదికి రానిచ్చేది కాదు. చాట గడప మీద పెట్టించి, వాళ్ళు వెనక్కి జరిగాక తీసుకునేది. ఆమె చెడ్డ మనిషని చెప్పడానికి ఇది రాయడం లేదు. నాకు జ్వరం వస్తే రాత్రంతా కాళ్ళు నిమిరింది ఆమే. నా తల దువ్వి రెండు జడలు వేసి, జడ చివర కనకాంబరాలు పెట్టింది ఆమే. అందుకే ఆమె గురించి తలచుకుంటే నాకు ఎక్కువ వెగటు. పరాయివాళ్ళయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

మాది వ్యవసాయం ఇల్లు. మామూలు రోజుల్లో మడీ తడీ పెద్దగా ఉండేవి కావు. పేడ చేతులతోనే సద్ది తినే వాళ్ళం. భద్రాచలం కల్యాణానికి ముందు రెండు నెలలు మాత్రం ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. స్వామి తలంబ్రాలకు బియ్యం మా ఇంటి నుంచి వెళ్ళాలని నాయనమ్మ మొక్కు. ఆ బియ్యం రోట్లో దంచకూడదు, మరలో ఆడించకూడదు. ఒక్కొక్క వడ్లగింజను గోటితో ఒలవాలి. బొటనవేలి గోటికీ చూపుడువేలి గోటికీ మధ్య గింజను నిలబెట్టి నొక్కితే పొట్టు చిట్లుతుంది. అప్పుడు లోపలి గింజను ముక్కు విరగకుండా తియ్యాలి. విరిగిందా, అది పక్కకు. పొట్టును కూడా తొక్కకూడదు, మూట కట్టి చేలో చల్లాలి.

తెల్లవారకముందే తలస్నానాలు. తడి జుట్టుతో చాప మీద కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవకూడదు. ఉమ్మి మింగాలే తప్ప ఊయకూడదు. గింజ ఒలిచినప్పుడల్లా రామనామం అనుకోవాలి. ఇరుగు పొరుగు ముత్తయిదువలు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. నామం కాసేపు, ఆ తర్వాత ఎవరి కోడలు ఏమన్నది, ఎవరి గేదె ఎన్ని శేర్లు ఇస్తోంది, మళ్ళీ నామం. మా ఊళ్ళో ఆడపిల్లలకు బడికి పోయే తీరిక లేదనేవాళ్ళు. ఇందుకు మాత్రం రెండు నెలల తీరిక దొరికేది.

నాలుగో రోజుకు నా బొటనవేలి గోరు కింద చీము పట్టింది. గింజను నొక్కితే ప్రాణం పోయేది. చెబితే నాయనమ్మ పసుపు, సున్నం కలిపి పెట్టి "స్వామి కోసం ఈమాత్రం ఓర్చుకోలేవటే?" అంది. ఆ మధ్యాహ్నం అందరూ వాలి కునుకు తీస్తుంటే, నేను ఒక గింజను ముందు పళ్ళ మధ్య పెట్టి మెల్లగా అదిమాను. టిక్ మంది. పొట్టు రెండుగా విచ్చుకుంది. నొప్పి లేదు, గింజ విరగలేదు. ఆ తర్వాత ఇంక నేను గోరు వాడింది తక్కువ. చెయ్యి నోటి దగ్గరికి పోయినప్పుడు నామం అంటున్నట్టు పెదాలు కదిలించేదాన్ని. పెద్దవాళ్ళు పూటకు గిద్దెడు ఒలిస్తే నేను సోలెడు ఒలిచేదాన్ని. నాయనమ్మ ఆ బియ్యాన్ని అరచేతిలో పోసుకుని వచ్చిన ప్రతి మనిషికీ చూపించేది. "మా పిల్ల గోళ్ళలో లక్ష్మి ఉందమ్మా. ఒక్క గింజ విరగదు." నేను తల వంచుకునేదాన్ని. సిగ్గు అనుకునేవాళ్ళు.

ఒక్క మనిషి మాత్రం చూసింది. మా మేనత్త. నాన్నకు చెల్లెలు. తొమ్మిదేళ్ళకు పెళ్ళి చేస్తే పదకొండేళ్ళకు పుట్టింటికి తిరిగి వచ్చిందట. అప్పటికి ముప్పై ఉంటాయేమో. బొట్టు లేదు కాబట్టి బియ్యం చాప మీదికి రాకూడదు, ఆ గదిలోకే రాకూడదు. చాప మీద కూర్చున్న వాళ్ళందరికీ వంట మాత్రం ఆమే చెయ్యాలి. ఆ రోజు వంటింటి తలుపు సందులోంచి చూసి, నేను నీళ్ళకు వెళ్ళినప్పుడు పట్టుకుంది.

"ఉడుత కూడా ఇంత నేర్పుగా కొరకదే పిల్లా."

నేను చెంబు కింద పెట్టేశాను. "చెప్తావా అత్తా?"

"నేనెవరికి చెప్తాను? నా మాట ఈ ఇంట్లో కుక్క కూడా వినదు." నవ్వి నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. "పళ్ళు జాగ్రత్త. రేపు పెళ్ళికొడుక్కి పళ్ళు లేని పిల్లని చూపించాల్సి వస్తుంది."

నేను భయపడడానికి కారణం ఉంది. మడి చెడగొట్టిన వాళ్ళకు అట్లకాడ కాల్చి నాలుక మీద వాత పెడతానని నాయనమ్మ అందరి ముందూ చెప్పింది. అంతకుముందు ఏడు పక్కింటి పిల్ల ఒలిచిన బియ్యం మీద తుమ్మితే ఆ చాటెడు బియ్యం పావురాలకు చల్లించింది. వాత పెడతానంటే పెట్టే మనిషే.

కల్యాణానికి నాలుగు రోజుల ముందు గూడు బండి కట్టారు. నాన్న తోలుతున్నాడు. ముందు వైపు నాయనమ్మ, ఆమె పక్కన నేను. బియ్యం కుండను పసుపు గుడ్డలో మూట కట్టి గూటి వాసానికి వేలాడదీశారు, ఎవరి కాలూ తగలకుండా. అది మూడు రోజులు నా ముఖం ముందు ఊగింది. వెనక చివరన, కాళ్ళు కిందికి వేలాడేసుకుని అత్త. దారిలో వంట చెయ్యడానికి మనిషి కావాలి కదా. ఆమె కుండ వైపు వీపు పెట్టి కూర్చోవాలని నాయనమ్మ ఆజ్ఞ.

ఆ ప్రయాణంలో మొదటి రెండు రోజులు నా బాల్యంలోకెల్లా మంచి రోజులు. అది చెప్పక తప్పదు. చింతపండు పులిహోర, నూనె ఓడే మాగాయ ముక్క, అరిటాకులో చుట్టిన నువ్వుల ఉండలు. కొత్తగూడెం దగ్గర బొగ్గు పొగ వాసన, పాల్వంచ దాటాక ఇప్పపూల వాసన. తెల్లవారేసరికి చెట్ల కింద నేలంతా పసుపు తెలుపు పూలు పరుచుకుని ఉండేవి. అత్త బండి దిగి పక్కన నడుస్తూ పిడికెడు ఏరుకొచ్చేది. తియ్యగా, జిగటగా ఉండేవి.

"సారా పువ్వే అది! తిని చిందులేస్తారా ఇద్దరూ?" అని నాయనమ్మ.

"చిందులేస్తే నీకే కాలక్షేపం అమ్మా," అని అత్త.

నాన్న ఎద్దుల వెనక నవ్వు దాచుకునేవాడు.

మూడో రోజు పొద్దున, ఎండ ఇంకా ముదరకముందు, బాట మధ్యలో ఒక ముసలామె రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. నాన్న పగ్గాలు లాగాడు. ఎద్దులు ఆమె రొమ్ముకు మూరెడు దూరంలో ఆగాయి.

"బండాపు దొరా. నీ కాల్మొక్కుత. నా బిడ్డ. పూలేర వచ్చినం, ఈడనే కాన్పయింది. నెత్తురు ఆగుతలేదు. పాల్వంచ దవాఖానకు ఏసుకపో దొరా. పానం పోతాంది."

బాట పక్కన ఇప్పచెట్టు మొదట్లో ఒక ఆడమనిషి పడుకుని ఉంది. పద్దెనిమిది, ఇరవై ఉంటాయి. పూల బుట్ట బోర్లా పడి ఉంది. నడుము కింద నేలంతా తడి, ఆ తడిలో పూలు అతుక్కున్నాయి, వాటి మీద చీమలు. ఇంకో బుట్టలో ఆకుల మీద, బొడ్డు తాడు గుడ్డపేలికతో కట్టిన బిడ్డ. ఎర్రగా, పిడికెడంత. ఏడవడం మానేసి మూలుగుతోంది. తియ్యటి పూల వాసన, రక్తం వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. ఆ వాసన ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఇప్పటికీ ఇప్పపూలు రాలే కాలంలో అడవి దారిన పోవాల్సి వస్తే కారు అద్దాలు మూయిస్తాను.

పాల్వంచ వెనక్కి ఏడెనిమిది మైళ్ళు. కల్యాణం ఎల్లుండి. మాకు తొందర లేదు. ఇది నేను తర్వాత లెక్కపెట్టుకున్నది కాదు, అప్పుడే తెలుసు. ఆ పూట గోదావరి ఒడ్డున మామిడితోటలో దిగి తాపీగా వండుకుందామని పొద్దున్నే నాన్నే అన్నాడు.

నాన్న వెనక్కి తిరిగి, "అమ్మా?" అన్నాడు. బెదిరిన కోడెను కొమ్ములు పట్టి నిలబెట్టిన మనిషి. ఒక్క ముక్క. "అమ్మా?"

నాయనమ్మ అప్పటికే చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుంది, ఆ గాలి తగులుతుందేమోనన్నట్టు. "పురుటి మైల రా. బండిలో స్వామి బియ్యం ఉన్నాయి. ఎలా ఎక్కిస్తాం?"

"కుండ దించి చెట్టుకు కడదాం. చెల్లెల్ని కాపలా ఉంచుదాం."

"దాన్ని కాపలా ఉంచుతావా, స్వామి బియ్యానికి? నీకు మతి ఉందా? దారిలో దించితే మొక్కు చెడుతుంది. రెండు నెలలు మడి కట్టుకుంది ఇందుకా?" తర్వాత గొంతు తగ్గించి, చాలా మామూలుగా, "వెనక ఎవరో ఒకరు వస్తారులే. మన బండే ఆఖరిదా ఏం?" అంది.

ముసలామెకు మా మాటలు కొన్నే అర్థమయ్యాయేమో, నాన్న ముఖం వైపు, నాయనమ్మ ముఖం వైపు మార్చి మార్చి చూస్తోంది. పసుపు మూట వైపు కూడా చూసింది. మాకు అడ్డమేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

నాకు అంతుపట్టింది. నా ముఖం ముందు ఊగుతున్న ఆ కుండలో సగం బియ్యం నా ఎంగిలి. ఆ ఒక్క మాట నోటి నుంచి వస్తే మడి లేదు, మొక్కు లేదు, నాయనమ్మకు చెప్పుకోవడానికి కారణమే లేదు. బండి తిరుగుతుంది. ఆమె ఎక్కుతుంది. నేను తల తిప్పితే అత్త నన్నే చూస్తోంది. మూడు రోజుల్లో మొదటిసారి కుండ వైపు తిరిగి కూర్చుంది. కళ్ళతో ఆజ్ఞాపించలేదు. ఊరికే చూసింది, నేను మాట్లాడతానేమోనని.

నేను పెదాలు బిగించుకున్నాను. నాలుకను పళ్ళ వెనక్కి దాచుకున్నాను, అట్లకాడ అక్కడే ఉన్నట్టు.

అత్త రెండు ఊపిరుల సేపు చూసి ఉంటుంది. తర్వాత కిందికి దూకింది.

"ఎక్కడికే?" నాయనమ్మ అరిచింది.

"నాకు మడి ఎక్కడిదమ్మా? ఆ బియ్యం నేను ముట్టుకున్నానా, చూశానా? నాకు కొత్తగా అంటే మైల ఏముంది?"

"దిగితే మళ్ళీ ఈ బండి ఎక్కేది లేదు."

"ఎక్కనులే. నాకు నడవడం వచ్చు." మంచినీళ్ళ రాగి బిందె చంకన పెట్టుకుంది. తన బట్టల మూట లాక్కుంది.

"ఆ బిందె ఇంక గడప లోపలికి రాదు!"

"రాకపోతే గడప బయటే ఉంటుంది, నాలాగే."

చెట్టు కిందికి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిల్ల తల ఒళ్ళోకి తీసుకుంది. నీళ్ళు పట్టింది. ముసలామెతో చేతులతో ఏదో చెబుతోంది, పొట్ట మీద ఎలా రుద్దాలో. నాన్న అటు చూడలేదు. ఎద్దుల మీద ఎప్పుడూ ముల్లుగర్ర ఎత్తని మనిషి, ఆ రోజు ఎత్తాడు. బండి ఒక్క కుదుపుతో కదిలింది. ముసలామె కొంత దూరం బండి పక్కన పరిగెత్తింది. చక్రం పట్టుకోబోయి, వేళ్ళు పోతాయని వదిలేసింది.

మైలు దూరం పోయామేమో. నాయనమ్మ రామనామం మొదలుపెట్టింది, ఏమీ జరగనట్టు. నాకు ఆ నామం వినేసరికి ఏమయిందో, "నాయనమ్మా, ఆ బియ్యం ఎంగిలివి," అన్నాను. "నేను పళ్ళతో ఒలిచాను. చాలా వరకు పళ్ళతోనే. అత్త చూసింది, అడుగు."

నామం ఆగింది. నాన్న వీపు బిగుసుకుంది. పగ్గాలు లాగలేదు కానీ ఎద్దులు వాటంతట అవే నెమ్మదించాయి. నేను నాలుక మీద వాతకు సిద్ధపడ్డాను. నిజం చెప్పాలంటే ఆ వాత కావాలనిపించింది. బండి తిరిగితే చాలు.

నాయనమ్మ నా గడ్డం పట్టుకుని నోరు తెరిచి చూసింది, లోపల బియ్యం ఉన్నట్టు. ముఖం పాలిపోయింది. చాలాసేపు కుండ వైపు చూసింది. తర్వాత మెల్లగా నా నోరు మూసింది.

"ఈ మాట ఇంకెక్కడా అనకు."

"మరి బండి..."

"పసిదానివి. పసిపిల్లల ఎంగిలి దేవుడికి ఎంగిలి కాదు. అడవిలో ముసలమ్మ కొరికి పెట్టిన పండ్లు స్వామి తినలేదా?" నా తల నిమిరింది. "బెంగ పెట్టుకోకు. నువ్వు భక్తితోనే చేశావు కదా." తర్వాత నాన్నతో, "తోలరా," అంది.

నాన్న తోలాడు.

నేను బండి అంచు మీది నుంచి వంగి కక్కుకున్నాను. పులిహోర, నువ్వుల ఉండలు, ఇప్పపూలు అన్నీ వచ్చాయి. నాయనమ్మ నా నోరు తన చీర చెంగుతో తుడిచింది, మడి చీరతో. దానికి మైల అంటలేదు. అంత చిన్నదాన్నైనా, ఎవరి ఒంట్లోంచి వచ్చింది అంటుకుంటుందో, ఎవరి ఒంట్లోంచి వచ్చింది అంటుకోదో ఆ క్షణంలో అర్థమైపోయింది. ఎంగిలి తుడిచేసి దేవుడికి పంపించారు. ఒక మనిషిని బాట మీద వదిలేశారు.

పడవలో గోదావరి దాటాం. కల్యాణం చూశాం. జనం, బాజాలు, పానకం వాసన, చలువ పందిళ్ళు. మా బియ్యం పెద్ద రాశిలో కలిసిపోయింది. ఎవరో పెద్దాయన, ఆ బియ్యం ఒలిచిన పిల్ల ఎవరని అడిగితే నాయనమ్మ నన్ను ముందుకు తోసింది. ఆయన నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. "ఎంత పుణ్యం చేసుకున్న చేతులమ్మా ఇవి," అన్నాడు. పక్కనున్న ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి నా గోళ్ళు ముట్టుకున్నారు. చేతులు లాక్కుని నా గౌనుకు తుడుచుకున్నాను. గారం అనుకుని నవ్వారు.

తిరుగు ప్రయాణంలో ఆ ఇప్పచెట్టు దగ్గరికి వచ్చేసరికి నాయనమ్మ కళ్ళు మూసుకుని నామం అందుకుంది. నేను చూశాను. ఎవరూ లేరు. ఎండిన పూలు, ఒక పచ్చి వెదురు గెడ, నేల మీద నల్లటి మరక.

ఇంటికి వచ్చేసరికి అత్త మాకంటే ముందే వచ్చి ఉంది. మూడు రోజులు నడిచిందట. ఒకరు చెప్పకుండానే గొడ్ల కొట్టంలో చాప వేసుకుంది. పదకొండో రోజు దాకా లోపలికి రావద్దని నాయనమ్మ వాకిట్లోంచే చెప్పింది. "వస్తానన్నానా?" అంది అత్త లోపలి నుంచి. గేదెలు కూడా ఆమె వైపే ఉన్నట్టు తోకలు ఊపాయి.

అన్నం తీసుకుపోయి కొట్టం గడపలో పెట్టే పని నాది. పెట్టి వెనక్కి రావాలి. నేను లోపలికి పోయి ఆమె చాప మీద కూర్చున్నాను. ఆమె వద్దనలేదు. తింటూ చెప్పింది.

మా తర్వాత రెండు బండ్లు వచ్చాయట, రెండూ కల్యాణానికే. ఒకరు ఆగి, బిడ్డ ఆడో మగో అడిగి, అయ్యో అని వెళ్ళారట. ఇంకొకరు ఆగలేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చాక వెదురు లారీ ఒకటి వచ్చింది. అందులోని హమాలీలు దిగి, పైన కట్టిన వెదురు కొంత బాట పక్కకు తోసి, జాగా చేసి, ఆకులు పరిచి ఎక్కించారు. దారంతా అత్త ఆ పిల్ల కాళ్ళు ఎత్తి పట్టుకుని కూర్చుంది. పాల్వంచలో డాక్టరు వసారాలోకి వచ్చి చెయ్యి పట్టుకునేసరికి చల్లబడిపోయింది. బిడ్డ మాత్రం బతికింది. ముసలామె దాన్ని బుట్టలో పెట్టుకుని, ఆ లారీ తిరిగి వచ్చేటప్పుడు కూతురి శవంతో దాంట్లోనే తన గూడేనికి వెళ్ళిపోయింది.

నేను బండిలో జరిగింది చెప్పాను. నాయనమ్మ అన్న మాట కూడా. అత్త ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, ముక్కుతో నవ్వింది.

"నువ్వే ఎందుకు చెప్పలేదు అత్తా, బియ్యం ఎంగిలని?"

"చెబితే నీ నాలుక కాలేది. బండి తిరిగేది కాదు. నువ్వు చెప్పావుగా, తిరిగిందా?"

"లేదు."

"మరి?"

అడగడానికి వచ్చిన మాట అది కాదు. "అప్పుడే మన బండి ఎక్కించి ఉంటే బతికేదా?"

అత్త కంచం కడిగి, ఆ నీళ్ళు పేడ కుప్ప మీద పోసి వచ్చింది. "ఏమోనే. ఎక్కిస్తే కదా తెలిసేది."

మరుసటి ఏడు చాప వేసే వారం ముందు నేను పదివేళ్ళ గోళ్ళూ కొరుక్కుని రక్తం తెప్పించుకున్నాను. నాయనమ్మ కొట్టలేదు, తిట్టలేదు. చేతులు చూసి, అర్థం చేసుకుని, నన్ను వదిలేసింది. ఆమెకు అర్థమైందనేదే నాకు మరీ వెగటు పుట్టించింది. అర్థం కాని మనిషైతే జాలి పడేదాన్ని. నాన్న ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికి, ఆ చెట్టు గురించి ఒక్కసారి కూడా నోరు విప్పకుండా పోయాడు. అత్త బిందె కొట్టంలోనే ఉండేది. దాంతో గేదెలకు కుడితి పోసేది.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. ఆ ఇప్పచెట్ల వరసలో సగం రోడ్డు వెడల్పులో పోయాయి. మా వాళ్ళలో మాత్రం ఒక కథ మిగిలింది. నాయనమ్మ పుణ్యం కథ. చిన్నతనంలో నేను సోలెడు బియ్యం గోటితో ఒలిచిన కథ. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు చెప్పుకుంటారు, నా చేతులు పిల్లలకు చూపిస్తారు. అందులో బండి ఎక్కడా ఆగదు. అత్త దారిలో ఒంట్లో బాగోక వెనక్కి వచ్చేసిందట.

యాభై దాటాక పలక పట్టి అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటి నుంచీ ఇది రాయాలని కూర్చోవడం, ఇప్పపూల వాసన గుర్తొచ్చి లేచిపోవడం. రాసే లోపల నోటితో చెప్పి చూశాను, ఒక శుభకార్యంలో, మా వాళ్ళ మధ్య. బియ్యం కొరికిన సంగతి చెబితే ముచ్చటపడి నవ్వారు. ఎంగిలైతే ఏం పెద్దమ్మా, పసిమనసు, అన్నారు. ఆ మాట వాళ్ళకు ఎవరూ నేర్పలేదు, దానంతట అదే వచ్చింది. తర్వాత చెట్టు కింది మనిషి సంగతి చెప్పాను. విస్తళ్ళ మీద చేతులు ఆగాయి. ఎవరో నాకు ఓదార్పుగా, "ఆ రోజుల్లో అంతే కదా పెద్దమ్మా. అప్పటి మనుషులు అలాగే ఉండేవాళ్ళు," అన్నారు. మిగతావాళ్ళు తలలూపి, మళ్ళీ అన్నం కలుపుకున్నారు.

ఏ రోజుల్లో? ఆ రోజే, ఆ పొద్దున్నే, ఆ బండిలోంచే మా అత్త దిగింది. నేను కూర్చున్నాను.